పసుపు రాకూడని ట్యూబు

"మళ్లీ పసుపే!"

ఉమాశ్రీ ట్యూబును వెలుతురుకెత్తి పట్టుకుంది.

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడ, తొమ్మిదో అంతస్తులో చిన్న ల్యాబ్. అక్కడ ప్రయోగాలు చేసేది ఉమాశ్రీ. ట్యూబులు కడిగేది కనకలక్ష్మి.

"ఏముంటది మేడమ్ దీంట్ల?" అని ఈ ప్రయోగం మొదలైననాడే అడిగింది కనకలక్ష్మి.

ఉమాశ్రీ ఓపిగ్గా చెప్పింది. మన కణాల్లో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఫాస్ఫేట్ దొరికితే కత్తిరించి పారేస్తుంది. కణంలో కబుర్లు ఆగడం, సాగడం దాని చేతిలోనే ఉంటుంది. దాని పనితనం చూడ్డానికి నాలుగు నెలలు కష్టపడి ఉమాశ్రీ ఒక ఉత్తుత్తి మేత తయారుచేసింది. ఎంజైమ్ దాన్ని కొరికితే నీళ్లలాంటి మందు పసుపురంగుకు తిరుగుతుంది.

ఎంజైమ్ కలిపిన ట్యూబు పసుపెక్కాలి. కలపనిది నీళ్లలాగే ఉండాలి. పదిరోజులుగా రెండూ పసుపే.

"కనకమ్మా, మన ఉమ్మిలోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది. ఒక్క తుంపర చాలు. కడిగేటప్పుడు ఫోన్లో మీ కోడలితో పోట్లాడుతున్నావా, లేదా?"

"కొట్లాడనీకి కోడలు నాతోని మాట్లాడితె గద మేడమ్! మాస్కు పెట్టుకునే కడుగుతున్న. మా ఇంట్ల గిన్నెలు గూడ గింత కడగ."

"అయితే ఇవాళ తేల్చేద్దాం. సీలు విప్పని కొత్త ట్యూబులు తెప్పించా. నువ్వు లోపలికి రావద్దు. ఇవాళ ఎంజైమ్ కలపని ట్యూబులో పసుపు రాలేదంటే తప్పు నీదే. సోమవారం నుంచి ఇంకొకళ్లని పంపమని ఏజెన్సీకి చెప్పేస్తా. ఏమనుకోకమ్మా."

కనకలక్ష్మి అద్దం తలుపు బయట నిలబడింది. పదేళ్లుగా బోరబండ నుంచి వచ్చి చేస్తున్న ఉద్యోగం.

"ఎల్లమ్మ తల్లీ, జర పసుపు రానియ్యి" అని మొక్కుకుంది. ఇన్నేళ్లూ తల్లికి పసుపు పెట్టడమే గానీ, తల్లిని పసుపు అడగడం ఇదే మొదటిసారి.

లోపల ఉమాశ్రీ తలకు టోపీ, చేతులకు గ్లవ్స్, మూతికి మాస్కు. ఒక్క చుక్క తొణకలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంత శుభ్రంగా చేస్తుంటే ఇక పసుపెక్కడినుంచి వస్తుంది? కనకలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు ఉమాశ్రీ గోడవైపు ఓసారి, కిటికీవైపు ఓసారి చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, గుప్పిట బిగించి ట్యూబుల చుట్టూ ముమ్మారు తిప్పి, నాలుగు నెలల కష్టానికి ఎవరి దిష్టీ తగలకుండా, రోజూ చేసే అలవాటున వాటి మీద "థూ థూ థూ" అంది.