పదకొండో ఫారం

నూట అరవయ్యో పేజీ చివర ఓడ కెప్టెన్ సముద్రంలోకి దూకాడు. నూట అరవై ఒకటో పేజీ మొదట్లో వంటమనిషి బంగళా వరండాలోకి కాఫీ తెచ్చింది.

బైండరమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

పేజీ నంబర్లు వరుసగానే ఉన్నాయి. కథే వరుసలో లేదు. ఓడ నవలకి బంగళా నవల చివరి ఫారం పెట్టి కుట్టేసింది. రెండూ ఒకే సైజు, రెండిట్లోనూ నూట డెబ్బై ఆరు పేజీలే. పదహారేసి పేజీలుగా మడిచిన కట్టలు, అంటే ఫారాలు, పదకొండు. అంటే ఓడ కథ ముగింపు వెళ్ళి బంగళా నవల్లో కూర్చుని ఉంటుంది. ఆ నవల షాపులో లేదు. పక్కింటి కాంపౌండర్ బాబాయి, తన భార్య చదువుతుందని, దాన్నీ మరో మూడింటినీ పట్టుకెళ్ళి వారమైంది.

గోడ గడియారం మూడు దాటింది. నాలుగింటికి లైబ్రేరియన్ వస్తాడు. నమూనాగా కుట్టమని తనిచ్చిన ఐదు పాత డిటెక్టివ్ నవలలనీ పేజీ పేజీ తిరగేస్తాడు. నచ్చితే లైబ్రరీలో చిరిగిన నాలుగొందల పుస్తకాలూ ఈ ఒంటిగది షాపుకి వస్తాయి. లేదంటే మెయిన్ రోడ్డు మీది మెషీన్ల వాళ్ళకి పోతాయి.

ఎలా జరిగింది? ఆ రోజు రెండు నవలల ఫారాలూ సరిచూసి, బల్ల మీద రెండు దొంతర్లుగా పెట్టింది. మధ్యలో ఒక్కసారే లేచింది, అదీ బాబాయికి టీ పెట్టడానికి. వచ్చి దారం ఎక్కించి కుట్టుకుంటూ పోయింది. పైగా ఆ తప్పు ఫారం అంచున అద్దంలా నూనె మరక, కర్పూరం లాంటి వాసన. చేతులైనా కడుక్కోలేదటే మొద్దూ, అని నెత్తిన మొట్టుకుంది.

"అమ్మాయ్!"

గుమ్మంలో బాబాయి. చంకలో నాలుగు పుస్తకాలు, మొహం చేటంత.

"బాబాయ్‌గారూ, ఆ బంగళా నవల..."

"దాని సంగతి చెబుదామనే వచ్చాను. మీ పిన్ని చీటీ రాసిచ్చింది, విను."

పిన్నిగారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు. కాలు విరిగి మంచం మీదున్నా మార్కులు వెయ్యడం మానలేదు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని మొదలెట్టాడు.

"'మొదటిది: హంతకుడు తోటమాలి. ముప్ఫయ్యో పేజీలో ఎవరూ అడక్కుండానే చెప్పులు కడిగాడు, అక్కడే దొరికాడు. నూటికి ముప్ఫై. రెండోది: కథకన్నా వాన ఎక్కువ. పాతిక పేజీలయ్యేసరికే నాకు జలుబు చేసింది. ఇరవై. మూడోది: డిటెక్టివ్‌కి అన్నీ ముందే తెలుసట, మనకి మాత్రం చెప్పడట. దాన్ని తెలివి అనరు, దాపరికం అంటారు. ఫెయిల్.'"

"బాబాయ్‌గారూ, ముందు నా మాట..."

"ఆగమ్మా, అసలుది ఇప్పుడే! 'నాలుగోది, బంగళా నవల. వంటమనిషిని పట్టేశాననుకుని, అలవాటుకొద్దీ చివరి పేజీ తిప్పి సరిచూసుకున్నాను. అక్కడ ముక్కూ మొహం తెలియని ఓడ కెప్టెన్ ఎవడో నేరం ఒప్పుకుంటున్నాడు! నలభై ఏళ్ళలో మొదటిసారి ఓడిపోయాను. నూటికి నూరు.'"

చీటీని బంగళా నవల్లో పెట్టి, బాబాయి గొంతు తగ్గించాడు.

"కాలు విరిగినప్పట్నుంచీ ముప్ఫై పేజీలకే పుస్తకం మూసేసి, పైకప్పు చూస్తూ పడుకునేది. దీన్ని మాత్రం నాలుగు రోజులు చదివిందమ్మా. దిండుకానుకుని లేచి కూర్చుంది. ఆ కెప్టెన్ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడండీ అని నా మీదికి యుద్ధానికొచ్చింది. మేం పోట్లాడుకుని ఎన్నాళ్ళయిందో!"

బైండరమ్మ ఓడ నవల మూసి బల్ల మీద పెట్టింది. నోరు మూసుకుంటే ఆ ముసలావిడ సంతోషం ఆవిడకి ఉంటుంది, తన పని తనకి ఉంటుంది. కానీ పుస్తకం పుస్తకమే.

"అది రాసినాయన గొప్పతనం కాదు బాబాయ్‌గారూ, నా తప్పు. రెండు నవలల చివరి ఫారాలూ తారుమారు చేసి కుట్టేశాను. ఇటివ్వండి, విప్పి కుడతాను. ఈలోగా లైబ్రేరియన్‌గారు వస్తే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. పని పోతే పోయింది."

కత్తెర తీసింది. బాబాయి తేలు కుట్టినట్టు ఎగిరిపడ్డాడు.

"వద్దొద్దు! నీ తప్పేనని ఎందుకనుకోవాలి? ఏ ఎలుకో..."

"ఎలుక పేజీ నంబర్లు చూసి మరీ మారుస్తుందా?"

బాబాయి ఓడ నవల వైపు చెయ్యి చాపాడు. "అది కాదమ్మాయ్... ఆ ఓడ నవల ఇవాళ తెస్తానని మీ పిన్నికి మాటిచ్చాను. అలాగే... అంటే, ఎలా ఉన్నది అలాగే ఇచ్చెయ్యకూడదూ?"

"తెలిసి తెలిసి తప్పు పుస్తకం ఎలా ఇవ్వమంటారు?" అంటూ ఆమె బంగళా నవల లాక్కుంది. చీటీ జారి బల్ల మీద బోర్లా పడింది. వెనకవైపు కూడా రాత ఉంది. బాబాయి అటు తిప్పి చూసినట్టు లేదు. ఆమె మనసులోనే చదువుకుంది.

'అమ్మాయీ, ఇటువైపు నీకోసం. కథ బంగళాలోంచి ఓడెక్కగానే ఫారం మారిందని తెలిసింది. ఈపాటికి నువ్వూ చూసి హడలిపోతూ ఉంటావు. భయపడకు, ఇది నీ పని కాదు. లైబ్రేరియన్ నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. జరిగింది ఫోన్‌లో చెబితే పడీపడీ నవ్వాడు. నాలుగొందల పుస్తకాలూ నీకేనన్నాడు. ఓడ నవల అలాగే పంపు, నేను చదివాక రెండూ విప్పుకుందువుగాని. నేరస్థుడి ముందు మాత్రం ఏమీ తెలియనట్టే ఉండు, పాపం, మురిసిపోతున్నారు. మార్చిన పదహారు పేజీలకీ, రోజూ ఆయన నా కాలికి రాసే కర్పూరం నూనె వాసనే.'