మూడు చప్పట్లు

గురువారం. చర్చి అరుగు మీద పదకొండు మంది తల్లులు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వీపుల మీద చిటెంజె గుడ్డల్లో కట్టుకున్న పిల్లలు.

పన్నెండో తల్లి ఎనెలెసి. ఆమె వీపు ఖాళీగా ఉంది.

బిడ్డను తన తల్లి దగ్గర వదిలి వచ్చిందనుకున్నాను. అడగలేదు.

కాన్పయ్యాక మనసు చీకటైపోయిన తల్లుల గుంపు మాది. నడిపేది నేను. చదువేమీ లేదు. మూడేళ్ళ కిందట నేనూ బిడ్డను చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నదాన్నని, ఆసుపత్రి నర్సమ్మ ఈ పనికి నన్ను ఏరింది.

మా పద్ధతి చిన్నది. మనసులో మాట చెప్పిన ప్రతి తల్లికీ అందరం మూడు చప్పట్లు కొట్టాలి. ఏం చెప్పినా తప్పుపట్టకూడదు.

"నా పిల్ల ఏడిస్తే నేనూ పోటీకి ఏడుస్తున్నా," అంది తిసుంగే.

చప్పట్లు.

"'మా అమ్మ ఏడుగుర్ని కంది, ఒక్కరోజూ మంచమెక్కలేదు' అంటాడు మా ఆయన. 'ఎనిమిదోది నువ్వు కనవయ్యా' అన్నా," అంది ఫలెసి.

నవ్వులు, చప్పట్లు.

ఎనెలెసి మాత్రం ఐదు వారాలుగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. ఆమె నోరు విప్పాలని నేను మొక్కని రోజు లేదు. కొంత ఆమె కోసం, కొంత నర్సమ్మ దగ్గర నా గొప్ప కోసం.

ఆ రోజు విప్పింది.

"అక్కా, నేనూ చెప్పనా?"

"చెప్పు తల్లీ, చెప్పు!"

"పొద్దున వాణ్ణి మొక్కజొన్న చేలో పడుకోబెట్టా. ఏడుపు వినబడనంత లోపల. ఇటొచ్చేశా."

మూడు చప్పట్లు కొట్టాం.

అందరికంటే గట్టిగా నేనే కొట్టాను. మూడోది కొట్టాక గాని ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఈ చేతులంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

పరుగెత్తాం. జనవరి చేను, మనిషిని మించి ఎదిగి ఉంది. ఎండ నడినెత్తికొచ్చింది.

"ఏ వరసలో?" అన్నాను.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయక్కా."

"అందరూ ఆగండి! వినండి!" అని అరిచాను.

తల్లులు తమ పిల్లల నోటికి రొమ్ములందించారు. ఏడుపు ఆపమని రోజూ పిల్లల్ని తిట్టుకునే మేము, ఒక్క ఏడుపు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

ఆకులు రాసుకుంటున్న చప్పుడే వినిపించింది.

ఎనెలెసి నా చెయ్యి పట్టుకుంది. ఆమె రవిక పాలతో తడిసిపోతోంది.

"రెండు నెలల్నించి రాత్రీ పగలూ ఆపనోడు, ఇప్పుడెందుకు ఆపాడక్కా?"