మూడో అంకె

“రేపట్నుంచి మీరు రాకండి బాబాయ్,” అంది దివ్య, వీలైనంత మెత్తగా.

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక, మేడమీది గదిలో ఆమె చెక్ భాష నేర్పుతుంది. చెక్ దేశంలో నాలుగేళ్లు చదివి ఈమధ్యే తిరిగొచ్చింది. నేర్చుకునేవాళ్లలో ఎనిమిదిమంది అక్కడి కార్ల ఫ్యాక్టరీకి వెళ్లబోయే కుర్రాళ్లు. తొమ్మిదోవాడు బెల్లం వ్యాపారి మహేశ్వరరావు. అరవై రెండేళ్లు. ఎందుకు నేర్చుకుంటున్నాడో చెప్పడు. రోజూ భార్య మహాలక్ష్మిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, పక్కనే కూర్చోబెట్టుకుంటాడు. ఈ వయసులో ఈ ముచ్చటేమిటని కుర్రాళ్లు నవ్వుకుంటారు. ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటుంది. పాపం, మొహమాటస్తురాలు అనుకుంది దివ్య.

“మూడు వారాలైంది. మూడు దాకా అంకెలు రాలేదు మీకు. వీళ్లకేమో వచ్చే నెలలో పరీక్ష.”

“ఈ ఒక్కరోజూ సూడమ్మా. రాకపోతే నేనే మానేత్తాను.”

వేలంపాటలో మార్కెట్ అదరగొట్టే గొంతు అలా బతిమాలుతుంటే దివ్యకు జాలేసింది.

“సరే, అనండి.”

“యెదెన్... ద్వా... తిరిసీ!”

గది గొల్లుమంది. చెక్‌లో ‘మూడు’ అనాలంటే ‘ర’నీ ‘ష’నీ ఒకేసారి పలకాలి, ఎవరికైనా కష్టమే.

“నవ్వకండర్రా! మొదట్లో మీ నోళ్లూ ఇలాగే వంకర్లు పోయాయి,” అని కసిరింది దివ్య.

“తిరిచీ... తరసీ...” ఆయనకు చెమటలు పట్టేశాయి. ఇక లాభం లేదని దివ్య పుస్తకం మూసేసింది.

అప్పుడు మహాలక్ష్మి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. కొంగు దించింది.

“త్ర్షీ.”

కొంచెం వంకరగానే అంది. కానీ సరిగ్గా అదే.

కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మహేశ్వరరావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“చూశారా, ఊరికే వింటూ పిన్ని పట్టేసింది!” అంది దివ్య.

క్లాసు అయ్యాక భార్యను మెట్లు దింపుతూ ఆయన లెక్కపెట్టడం పైకి వినబడింది. “యెదెన్, ద్వా, త్ర్షీ...” పొల్లు పోకుండా. దివ్య పరుగున వచ్చింది.

“మీకు వచ్చు కదా బాబాయ్! మరి ఇన్నాళ్లూ అందరిచేతా ఎందుకు నవ్వించుకున్నారు?”

“తప్పు పలికేవోడు పక్కనుంటే ధైర్యం వత్తాదమ్మా,” అన్నాడాయన, భార్య చెయ్యి వదలకుండా. “రేపట్నుంచి కూడా మేవిద్దరం రావొచ్చా?”

పక్షవాతం వచ్చిన పది నెలలకి మహాలక్ష్మి పలికిన మొదటి మాట అది.