సబ్జా నీళ్ళు

కాకినాడలో ఇప్పుడు పోయినవాళ్ళ గొంతు పలకని వంటిల్లు లేదు. బతికుండగా వాళ్ళు పొయ్యి దగ్గర అన్న మాటలన్నీ దాచుకుని, అక్కడ ఎవరైనా మాట్లాడితే గోడ అవే మాటలతో జవాబిస్తుంది. లిఖిత ఇంటి గోడలో, చివరి ఏడాది ఆమె దగ్గరే ఉన్న తల్లి వరలక్ష్మి గొంతుంది.

ఆ ఉదయం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఇన్నాళ్ళూ దిగమింగుకున్న మాట లిఖిత మెల్లగా గోడకు చెప్పింది.

"అమ్మా, దొడ్డికెళ్తే రక్తం పడుతోందే."

"వేడి చేసిందంతే. సబ్జా నీళ్ళు తాగితే తగ్గిపోతుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు."

లిఖిత చేతులు ఆగిపోయాయి. ఈ మాట అమ్మ ఎవరితో అనుంటుంది? ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు లేదు. అమ్మే, పోయే ముందు వేసవంతా, చిక్కి సగమైపోతూ, గ్లాసులకొద్దీ సబ్జా నీళ్ళు తాగింది. వంటింట్లో ఒంటరిగా నిలబడి తనకు తానే చెప్పుకున్న మాట అది.

లిఖిత వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. "డాక్టరుగారూ, నాకు దొడ్డికెళ్తే రక్తం..."

"మెల్లగా మాట్లాడవే! హాల్లో మీ మావయ్యగారున్నారు," అంది గోడ కంగారుగా.

"విననీ అమ్మా," అని లిఖిత గొంతు పెంచి ఆ మాట మళ్ళీ చెప్పింది, ఇద్దరి తరఫునా.