రంగు పట్టని ఏనుగులు

లీలావతి పూసిన ఎర్రరంగు కొయ్య ఏనుగు వీపు మీద నిలవలేదు. చేమాకు మీద నీళ్ళలా జారిపోయింది.

"ఇది మూడో వాయి అండీ. ఒక్కదానికీ రంగు పట్టడం లేదు."

"అంతా నీ నీళ్ళ రంగుల మహిమ. ఎనామిల్ అయితే ఇట్టే పట్టేది," అన్నాడు ఆమె భర్త భూషణం, కుంపటి ముందు నుంచి కదలకుండా.

పిల్లలు బొమ్మలు నోట్లో పెట్టుకుంటారని గవర్నర్‌పేట షాపువాళ్ళు ఈ ఏడు నీళ్ళ రంగులే వెయ్యమన్నారు.

లీలావతి బొమ్మను తిప్పి చూసింది. తెల్లగా ఉండాల్సిన పొణికి చెక్క గోధుమరంగుకు తిరిగింది.

"తప్పు రంగుది కాదండీ. చెక్క మరీ కాగిపోయింది. మాడిన చెక్క నీళ్ళు పీల్చదు."

భూషణానికి ఒళ్ళు మండింది. "కొండపల్లిలో ముప్పై ఏళ్ళుగా చెమ్మ ఆరేలా కుంపటి మీద చెక్క కాస్తున్నా. అరచెయ్యి ఆనించి, చురుక్కుమనగానే తీసేస్తా. ఈ నెలంతా ఒక్కటీ చురుక్కుమనలేదు. నువ్వే చూడు!"

కుంపటి మీంచి రెండు ఏనుగుల్ని తీసి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

లీలావతి కెవ్వుమని దాన్ని కింద పడేసింది. "అమ్మో, కాలిపోతోందండీ!"

"కాలుతోందా?" అన్నాడు భూషణం.

రెండో ఏనుగు ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది.