లాట్ నంబర్ లేని మందు

"నాకెవరో మందు పెట్టారని చెప్పు ఆవిడకి," అంది కోటమ్మ.

అంకిత అత్తగారి వైపు చూసింది. "మందా?"

"ఆఁ. తిండిలో కలిపి పెట్టారు. చెప్పు."

వేరే మందులేమైనా తీసుకుంటున్నారా అని డాక్టర్ లిన్ అడిగిన ప్రశ్నకు అది జవాబు. అంకిత న్యూజెర్సీలో పుట్టింది. ఆమె తెలుగులో మందంటే మందే. విన్న మాటను విన్నట్టే ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ లిన్ రాయడం ఆపింది. బల్ల మీది మూలికల పొట్లాలను తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టింది. ఇవాళ ఇవి ఇవ్వనంది.

ఫ్రిస్కోలోని ఆ చైనీస్ మెడిసిన్ క్లినిక్‌లో ప్రతి పొట్లం మీదా చీటీ ఉంటుంది. వేరు ఎక్కడ తవ్వారు, ఏ లాట్‌లో తయారైంది, ఎవరు పరీక్షించారు, ఎప్పటిదాకా పనికొస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. సూదుల పాకెట్ సీలు కూడా రోగికి చూపించే విప్పుతారు. చీటీ లేని మందు కడుపులో ఉండగా తన మందు ఇవ్వడం కుదరదని డాక్టర్ చెప్పింది. పెట్టింది పొడా, కషాయమా, ఎంత, ఎన్నాళ్లుగా అని అడిగింది. ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. దాన్ని అంకిత తెలుగులో చెప్పలేదు.

"ఏమంటుంది?" అని అడిగింది కోటమ్మ.

"ఆ మందు లాట్ నంబర్ కావాలంట అత్తయ్యా."

కోటమ్మకు నవ్వొచ్చింది. "మందు పెట్టేవాళ్లు నంబరేసి పెడతారా ఎక్కడైనా?"

నవ్వు నిలవలేదు. ఇరవై ఏళ్ల షుగరు కడుపు నరాలను దెబ్బతీసిందని ఆస్పత్రిలో చెప్పారు. ఫ్రిస్కోలో కొడుకింటికి వచ్చిన ఈ నాలుగు నెలల్లో అది ముదిరింది. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం తిన్నది తిన్నట్టే వాంతవుతోంది. పదకొండు కిలోలు తగ్గింది. నెలాఖరుకి మార్పు లేకపోతే పేగులోకి గొట్టం వేసి ఆహారం పంపాలన్నారు. గొట్టం వద్దనే కోటమ్మ ఇక్కడికి వచ్చింది.

"పోనీ సూదులైనా గుచ్చమను," అంది.

సీలు చూపించి విప్పారు. మోకాళ్ల కింద రెండు సూదులు, కడుపు మీద నాలుగు. డాక్టర్ దీపం తగ్గించి, ఇరవై నిమిషాలు కదలొద్దని చెప్పి వెళ్లింది. గదిలో ఎండిన కమలా తొక్కల వాసన. గోడ అవతల ఎక్కడో నీళ్లు పడుతున్నాయి. కోటమ్మ కళ్లు మూసుకుంది.

కాసేపటికి మంచం నీళ్ల మీదికి వచ్చింది. అది ఎటో పోతోంది, ఎటన్నది ఆమె అడగలేదు. ఎదురుగా ఒక విస్తరి తేలుతూ వచ్చి ఆగింది. అన్నం, కందిపచ్చడి. ఆమె ముద్ద కలిపి తింది. ఇంకో ముద్ద తింది. కడుపు కాదనలేదు. విస్తరికి అవతల ఎవరో వంగి వడ్డిస్తున్నారు. మొహం పొగలో ఉంది, చేతులే కనిపిస్తున్నాయి. ఆ గాజులను కోటమ్మ గుర్తుపట్టింది. విమానం ఎక్కే ముందు వారం, తెనాలిలో పెళ్లి పందిట్లో తన నోట్లో పూతరేకు పెట్టిన చేతులవి. తోటికోడలు లీలావతి చేతులు.

"ఎవరు పెట్టారో నాకు తెలుసు," అంది కళ్లు తెరవకుండానే.

పక్కన కుర్చీ చప్పుడైంది. "తెలుసా?" అంది అంకిత.

"మొదట్నుంచీ అనుమానమే. బయటికంటే ఇల్లు రెండవుతుందని ఊరుకున్నా. అయినవాళ్లు కదా, కడుపులో పెట్టుకున్నా."

గోడ అవతల నీళ్లు ఆగిపోయాయి. విస్తరి కనిపించలేదు. అంకిత ఏడుస్తోందని తెలియడానికి కోటమ్మకు కొంతసేపు పట్టింది. కళ్లు తెరిచింది.

"షుగర్ కంట్రోల్ అవుతుందనే ఇసబ్‌గోల్ మిక్స్ చేశా అత్తయ్యా. చెబితే తాగరని చెప్పలేదు. కదలని కడుపులో అలాంటి పొట్టు ఏదైనా గడ్డ కట్టేస్తుందని ఇందాక డాక్టర్ చెప్పేదాకా నాకు తెలీదు," అంది అంకిత. "కానీ మీకు తెలుసుగా. తెలిసి కూడా, నేనిచ్చిన మజ్జిగ రోజూ ఎలా తాగారు?"