ఆమెతో ఎవరు దిగుతున్నారు?

చెంచా హాసిని చేతిలోంచి జారి సూప్‌లో పడింది.

“ఏమైంది?” అన్నాడు తేజేశ్వర్, ఫోన్ కెమెరా మీంచి చూపు తిప్పకుండా.

కిటికీ అవతల పెరూ కొండలు. ఒకప్పుడు ఇన్కా రాజులు ఏలిన నేల. పాత రాతిగోడలు, మెట్లుమెట్లుగా దిగే పొలాలు, రైలు చప్పుడుకి చెదిరిపోయే పొడుగుమెడ అల్పకా జంతువుల మందలు. లోపల తెల్లటి టేబుల్ క్లాత్‌లు, పియానో. ఐదో పెళ్ళిరోజు ఈ రైల్లోనే చేసుకోవాలని న్యూజెర్సీ నుంచి వచ్చారిద్దరూ.

“తల పగిలిపోతోంది తేజా. ఊపిరి ఆడట్లేదు.”

“ఇంత ఎత్తులో అందరికీ అంతే. ఇక్కడివాళ్ళు తాగే కోకా ఆకుల టీ తాగు, తగ్గుతుంది.”

తాగింది. తాగినదంతా కక్కుకుంది. పెదాలు నీలంగా మారాయి.

రైల్లో ఉండే నర్సు పరుగున వచ్చి వేలికి క్లిప్ పెట్టి చూసింది.

“ఆక్సిజన్ బాగా పడిపోయింది. రైలు ఇంకా పైకెక్కుతుంది, ఈమె తట్టుకోలేదు. వచ్చే స్టేషన్లో దించి కుస్కో హాస్పిటల్‌కి పంపేస్తాం. అంబులెన్స్ వస్తోంది. ఆమెతో ఎవరు దిగుతున్నారు?”

తేజేశ్వర్ కెమెరా ఆపి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“మీ స్టాఫ్‌లో ఎవరైనా వెళ్ళొచ్చు కదా?” అన్నాడు.

“కుదరదు సార్.”

అతను హాసిని పక్కన కూర్చున్నాడు.

“హాసీ, ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. నేను దిగి మాత్రం చేసేదేముంది? నేనేమన్నా డాక్టర్నా? రెండేళ్ళు వెయిట్ చేసిన ట్రిప్ ఇది. టిటికాకా సరస్సు మీద సన్‌రైజ్ చూసేసి ఎల్లుండికల్లా నీ దగ్గరుంటా. ఓకేనా?”

ఆక్సిజన్ మాస్క్ కింద ఆమె ఏదో అంది. ఏమన్నావని అతను అడగలేదు.

“నేను దిగుతాను.”

తెలుగు మాట. రెండు టేబుళ్ళ అవతల ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. నెరిసిన జుట్టు, బూడిదరంగు స్వెటరు.

“నా పేరు దైవాశీర్వాదం బాబూ. న్యూజెర్సీ, పార్సిప్పనీలో ఉంటాను. ఇరవయ్యేళ్ళు వేర్‌హౌస్‌లో స్పానిష్ వాళ్ళతోనే పనిచేశాను. వాళ్ళ భాష వచ్చు. అమ్మాయిని నేను తీసుకెళ్తాను.”

“థాంక్యూ సో మచ్ అంకుల్!” తేజేశ్వర్ ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు చూడలేక హాసిని కళ్ళు మూసుకుంది.

అంబులెన్స్ కొండ దిగుతున్నంతసేపూ ఆయన మాస్క్ జారకుండా పట్టుకుని కూర్చున్నాడు. గంటన్నరకి ఆమెకి కాస్త ఊపిరి అందింది. ఊపిరితోపాటు అవమానమూ గుర్తొచ్చింది. మొగుడు వదిలేసి పోవడం మనవాళ్ళలో ఒకాయన కళ్ళారా చూశాడు.

“మీరెందుకు దిగారంకుల్? నేనడిగానా?” అంది.

“అడగలేదమ్మా.”

“నామీద జాలా?”

ఆయన నొచ్చుకోలేదు. మాస్క్ సరిచేశాడు.

“మీ ట్రిప్ పాడైంది కదా,” అంది హాసిని.

“కొండలు ఎక్కడికీ పోవమ్మా. నువ్వు పడుకో.”

కుస్కో హాస్పిటల్లో రెండు రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాడు. డాక్టర్లతో మాట్లాడింది ఆయనే, పలచటి జావ తెచ్చింది ఆయనే. ఫారంలో పేషెంటుకి ఏమవుతారని నర్సు అడిగితే, పొరుగువాణ్ణని చెప్పి తన అడ్రస్ రాయించాడు.

మధ్యమధ్యలో హాసిని ఫోన్ మోగేది. తేజేశ్వర్ పంపే ఫోటోలు. మంచు కొండలు. పియానో దగ్గర తేజేశ్వర్. సరస్సు మీద సూర్యోదయం. కింద ‘మిస్ యూ’ అని, ఒక ఎర్ర గుండె.

మూడో రోజు అతను అల్పకా ఉన్ని స్వెటరు తీసుకుని వచ్చాడు.

“అబ్బ, నువ్వు చూడాల్సింది హాసీ!”

అప్పటికి పెద్దాయన ఫ్లైట్‌కి టైమైందని వెళ్ళిపోయాడు. వెళ్తూ ఆమె తలమీద చెయ్యి పెడితే గోడవైపు తిరిగి పడుకుంది. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చిన నెల్లాళ్ళకి హాసిని ప్లెయిన్స్‌బరోలో వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంది.

“ఒక్క ట్రిప్ కోసం పెళ్ళినే వదిలేస్తావా?” అన్నాడు తేజేశ్వర్.

“నువ్వు ఒక్క ట్రిప్ కోసం నన్ను వదిలేశావు కదా.”

కోపం చల్లారడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. చల్లారాక పెద్దాయన మాటిమాటికీ గుర్తొచ్చాడు. రైలు ఆపైన ఏ దారిన పోతుందో వెతికి, ఆ చోట్ల ఫోటోలన్నీ పెద్ద సైజులో వేయించి ఆల్బమ్ కట్టించింది. తనవల్ల ఆయన చూడలేకపోయినదంతా చూపించాలి. హాస్పిటల్ ఫారంలో అడ్రస్ చూసుకుని ఒక శనివారం పార్సిప్పనీకి డ్రైవ్ చేసింది.

ఆయన కూతురు అబిగేల్ తలుపు తీసింది. పెద్దాయన సోఫాలో కూర్చుని ఉన్నాడు.

“ఎవరమ్మా?”

“నేనంకుల్, హాసినిని. పెరూలో... రైల్లో...”

“హాసినీ! ఊపిరి బాగా ఆడుతోందా తల్లీ?”

“ఆడుతోందంకుల్,” అంది. ఆల్బమ్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

“మీరు దిగిపోయాక వచ్చే దారంతా ఇందులో ఉందంకుల్. చూడండి.”

ఆయన నవ్వుతూ తెరిచాడు. “ఎంత బాగుందమ్మా!” అన్నాడు.

ఆయన చేతుల్లో సరస్సు ఫోటో తలకిందులుగా ఉంది.

హాసిని అయోమయంగా అబిగేల్ వైపు చూసింది. అబిగేల్ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

“పోయిన నెలతో నాన్న చూపు పూర్తిగా పోయింది. మీరెప్పుడైనా వస్తే చెప్పొద్దన్నారు,” అంది మెల్లగా. “చూపు ఉండగానే చూడాలనుకున్నవి చూసెయ్యమని డాక్టర్లు చెబితే, నాన్న ఆ రైలు ప్రయాణం ఒక్కటే అడిగారు.”